జయచంద్ర పటం కింద

1982 జనవరి 4, సోమవారం. పుంగనూరు.

నేను ఒకటంటే మా ఇంట్లో వాళ్లకు ఇంకోటి అర్థమవుతుంది. ఇది కొత్తేమీ కాదు. కానీ ఈ రోజు మాత్రం హద్దు దాటింది.

పొద్దున గఫార్ మామ మందుల షాపుకు పోయి, "నాకు మీ షాపులో ఉద్యోగం కావాల" అని అడిగాను. అబ్దుల్ గఫార్ నాయనకు చిన్ననాటి స్నేహితుడు, అందుకే మామ. ఆయన ఆలోచించి చెబుతానన్నాడు. నేను ఇంటికి వచ్చేసరికి వార్త నాకంటే ముందే వచ్చి కూర్చుంది: వెంకటరమణప్ప కూతురు వనజమ్మ మందుల షాపులో చాలాసేపు నిలబడి, గొంతు తగ్గించి ఏదో అడిగిందట! అమ్మ అప్పటికే మిరియాల కషాయం కాచి పెట్టింది.

"ఏం రోగం తల్లీ? అమ్మకు గూడా చెప్పగూడనిదా?"

"ఉద్యోగం అడిగేకి పోయినానమ్మా."

"సరే సరే. ముందు ఇది తాగు."

నాయనది ఇంకో రకం అర్థం. "డాక్టరు సీటు రాలేదని బిడ్డ మనసులో పెట్టుకోనుండాది," అన్నాడు వసారాలో ఎవరితోనో. డాక్టరు సీటు ఆయన కల. నాది కాదు.

నాకు కావలసింది చాలా చిన్నది. ఆ కౌంటరు పలక ఎత్తి లోపలికి పోవాలి. జనం చీటీ ఇస్తే చదివి, మందు తీసి, ఎట్లా వాడాలో చెప్పాలి. మదనపల్లెలో మూడేళ్లు కెమిస్ట్రీ చదివి బియస్సీ పట్టా తెచ్చుకున్నది ఇంట్లో బియ్యంలో రాళ్లు ఏరడానికి కాదు.

తీర్మానాలు:
ఒకటి. ఉగాదిలోపల కౌంటరు వెనక ఉద్యోగం.
రెండు. దానికోసం మళ్లీ ఏ బెంచీమీదా కూర్చోను. తిరుపతికి పోయి డి.ఫార్మ్. అనే రెండేళ్ల చదువు చదవాలట! డిగ్రీ అయినదాన్ని డిప్లమాకు పోవడమంటే మేడ ఎక్కినాక కిందికి దిగి మెట్లు ఊడ్చినట్టు. పని చేస్తే పని వస్తుంది.
మూడు. మందుపెట్టెల్లో వచ్చే కాగితాలు రోజుకు పది కంఠతా పట్టాలి.
నాలుగు. ఇకమీద కషాయం తాగను. (ఈ రోజుది తాగేశాను.)

నాయన పెట్టిన షరతు కూడా రాసుకోవాలి. ఉగాదికి ఉద్యోగం కాకపోతే కుప్పంలో పెద్దమ్మ నడిపే కాన్వెంటులో ఎల్కేజీ టీచరు. పాతిక మంది పిల్లలు, పాతిక ముక్కులు. భగవంతుడా!

జనవరి 6

లోపల ఉన్నాను! పలక ఎత్తింది నేనే!

"ఉద్యోగం కాదు పాపా," అన్నాడు గఫార్ మామ. "ఊరికే వచ్చి కూచో. ఇంగ్లీషు ఉత్తరాలు రాయి. ఉగాదికి సూస్తాం."

మందులు ఇచ్చేది బాబ్జాన్ అన్న. తనను తాను 'సగం డాక్టర్ని' అని చెప్పుకుంటాడు. మిగతా సగం ఏమిటో చెప్పడు. చీటీ చూడడు, మనిషి మొహం చూస్తాడు. ఎవరు దేనికి వచ్చినా చివర ఒక బలం మాత్ర కలిపి పొట్లం కడతాడు.

"ఈ పనికి ట్రైనింగు కావాల్నా మామా?" అని అడిగాను.

"పనికి అక్కర్లేదు పాపా. గోడకు కావాల."

గోడమీద అద్దాల పటం ఉంది. అందులో సర్టిఫికెట్టు, మూల చిన్న ఫోటో. పేరు జయచంద్ర, డి.ఫార్మ్., రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. షాపుకు లైసెన్సు రావాలంటే అట్లాంటి మనిషి ఒకడు ఉండాలని చట్టం. మనిషి కుప్పంలో ఉంటాడు. పటం ఇక్కడ ఉంటుంది. నెలనెలా ఆయనకు పటం బాడుగ పోతుంది.

సాయంత్రం పల్లె నుంచి వచ్చిన ఒక ముసలామె పటానికి దండం పెట్టి, "పాపం, చిన్న వయసులోనే పొయినాడు," అంది. బాబ్జాన్ అన్న తల వంచి, "ఏం చేస్తామమ్మా, మంచోళ్లు ఉండరు," అన్నాడు. పటం ముందు రోజూ ఊదుబత్తి వెలిగించేది కూడా అందుకేనట!

ఈ డైరీ గఫార్ మామ ఇచ్చిందే. ఏదో టానిక్ కంపెనీది. ప్రతి పేజీ కింద 'బలమే బతుకు' అని ఉంది. ఈ రోజు నమ్ముతున్నాను.

జనవరి 19

ఈ రోజు నేరుగా నాతో మాట్లాడిన మొదటి గిరాకీ! పేరు పాపయ్య.

"కడుపుబ్బరానికి మాత్రలు ఇయ్యమ్మా."

"ఎవరికి?"

"ఇంట్లో."

"వయసు?"

"నాలుగేండ్లు."

చిన్నబిడ్డ! నాకు గుండె కరిగింది. అర మాత్ర చాలని, నలిపి తేనెలో రంగరించి నాకించాలని, ఏడిస్తే ఎత్తుకుని తిప్పాలని వివరంగా చెప్పాను. పాపయ్య శ్రద్ధగా విని, "ఎత్తుకునేకి కాదు కదమ్మా," అన్నాడు. "తౌడులో కలిపి పెడితే పని చెయ్యదా?"

"బిడ్డకు తౌడు పెడతారా?"

"బిడ్డ కాదు తల్లీ, ఆవు. మన పుంగనూరు పొట్టావే. మడిసంతే ఉండాది. మడిసి మందు సరిపోతాదని..."

బాబ్జాన్ అన్న బల్ల పట్టుకుని నవ్వాడు. తర్వాత లేచి గుప్పెడు మాత్రలు ఇచ్చి పంపాడు. ఆవుకు కూడా ఒక బలం మాత్ర.

నా తప్పు లేదు. జువాలజీలో కప్పను కోశాం, బొద్దింకను కోశాం. ఆవు దాకా రాలేదు.

ఫిబ్రవరి 2

కాగితాలు రోజుకు పది అనుకున్నది రెండుగా సవరించాను. తీర్మానం మారలేదు, అంకె మాత్రమే మారింది. కారణాలు: అక్షరాలు చీమ తలకాయల్లా ఉన్నాయి, చలి ఎక్కువగా ఉంది, పైగా నిన్న నేను చదవవలసిన కాగితంలో బాబ్జాన్ అన్న వేరుశనక్కాయలు కట్టించుకుని తెచ్చాడు. తిన్నాను. ఒక విధంగా అది లోపలికి పోయినట్టే.

ఇంకో వార్త. పలమనేరు నుంచి రావలసిన పెళ్లిచూపులవాళ్లు రామన్నారు. అమ్మాయి పొద్దున్నించి సాయంత్రం దాకా మందుల షాపులోనే ఉంటుందంటే జబ్బు ఎంత ముదిరిందో అనుకున్నారట. నాయన అన్నం సరిగా తినలేదు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

ఫిబ్రవరి 11

ఈ ఊళ్లో మందుల షాపులన్నీ ఒకేసారి మూసుకున్నాయంటే ఎవరో పోయారని కాదు, చిత్తూరు బస్సులో డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు దిగాడని. బస్టాండు దగ్గర టీ కొట్టాయన తువ్వాలు విదిలిస్తాడు. అది చూసి మొదటి షాపు, దాన్ని చూసి రెండోది. పటాల్లోని మనుషులు ఎవరూ ఊళ్లో ఉండరు కాబట్టి ఇదే మర్యాద.

షట్టరు దించేసి లోపల చీకట్లో కూర్చున్నాం. బయట ఎవరో ఆడమనిషి రేకు మీద తడుతోంది. "సాయిబూ, బిడ్డకు జరమప్పా! ఒక్క మాత్ర ఇయ్యప్పా!"

ఆ మాత్రల డబ్బా నా మోచేతి పక్కనే ఉంది. లేవబోయాను. గఫార్ మామ పెదవులమీద వేలు పెట్టాడు. ఆమె కాసేపు తట్టి వెళ్లిపోయింది.

ఈ పేజీ కింద కూడా బలమే బతుకు అనే ఉంది.

ఫిబ్రవరి 24

నేనొక్కదాన్నే!! బాబ్జాన్ అన్న అంగళ్లు అనే ఊళ్లో పెళ్లికి పోయాడు. గఫార్ మామ సరుకు తేవడానికి మదనపల్లె పోయాడు. కౌంటరు, అల్మారాలు, పటం, నేను!

మధ్యాహ్నం మా పక్కింటి ఆదిలక్ష్మమ్మవ్వ వచ్చింది. నేను పుట్టినప్పుడు కాళ్లమీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది ఈవిడే. గొంతు నొప్పి. మింగలేకపోతోంది. చీటీ లేదు. నేను ఉన్నాను కదా! సల్ఫా మాత్రలు తీసి ఇచ్చాను. అందులో గంధకం ఎక్కడ ఉంటుందో, నత్రజని దానికి ఎట్లా అతుక్కుని ఉంటుందో చెప్పాను. బొమ్మ కూడా గీశాను.

"ఎంత సదువు తల్లీ!" అని బుగ్గలు పుణికి, మాత్రలతోపాటు బొమ్మ కూడా మడిచి కొంగున కట్టుకుంది.

శిక్షణ కావాలట శిక్షణ!

ఫిబ్రవరి 26

అవ్వ మొహం వాచింది. కళ్లు గీతలైపోయాయి. పెదవులు బొబ్బట్ల మాదిరి పొంగాయి. ఊపిరి ఆడడం లేదని నిన్న రాత్రి ప్రభుత్వాసుపత్రికి ఎత్తుకుపోయారు.

నా వైపు నుంచి:
అ) సల్ఫా అందరికీ ఇస్తారు.
ఆ) బాబ్జాన్ అన్న ఉన్నా అదే ఇచ్చేవాడు.
ఇ) వేరే ఏమైనా తిని ఉండవచ్చు. వంకాయ?
ఈ) చలిగాలి.
ఉ)

ఉ కు ఏమీ తోచలేదు.

ఫిబ్రవరి 27

ఆసుపత్రికి పోయాను. సూది వేశారట, వాపు కొంచెం తీసింది. సల్ఫా ఒంటికి పడలేదని డాక్టరు చెప్పాడట. అవ్వ మాత్రం ఒప్పుకోవడం లేదు.

"దిష్టి తగిలింది లేమ్మా. నువ్వు ఇచ్చిన మందు మంచిదే. పదేండ్ల కింద ఇట్లాంటి తెల్ల మాత్ర మింగినప్పుడు గూడా ఇట్లే వాసింది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదవ్వా?"

"నువ్వు అడగలే కదమ్మా."

కోపంగా అనలేదు. నా చెయ్యి పట్టుకుని అంది. బొమ్మ కాగితం దిండు కింద ఉంది.

మార్చి 1

నన్ను ఎవరూ ఏమీ అనడం లేదు. అంతకంటే ఘోరం జరుగుతోంది. మొహం వాచేంత పవరు ఉండే మందు వనజమ్మ చేతిలో ఉందని ఊరంతా పాకింది. పొద్దున్నించి గిరాకీ నన్నే అడుగుతోంది. "ఆ పిల్ల చేత్తోనే ఇప్పించు సాయిబూ!"

గఫార్ మామ మొహం వెలిగిపోయింది. "ఉగాది నుంచి జీతం పాపా. మీ నాయనకు నేను చెప్తాను."

ఉద్యోగం వచ్చేసింది! మొదటి తీర్మానం నెరవేరింది! మనిషి ప్రాణం మీదికి తెచ్చినందుకు!

మాత్రల డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాను. బాబ్జాన్ అన్నను అడిగాను. "మందు వీళ్లకు పడుతుందో లేదో నీకెట్లా తెలుస్తుందన్నా?"

"పడకపోతే వాళ్లే మళ్లీ వస్తారు కదా. అప్పుడు తెలుస్తాది."

"రాకపోతే?"

"రాకపోతే నయమైనట్టు."

మార్చి 8

తలనొప్పి. షాపుకు పోలేదు. నిన్న కడుపు నొప్పి. మొన్న కూడా ఏదో నొప్పే, మరిచిపోయాను. అమ్మకు తన అనుమానం రుజువైంది. కషాయం రెండు పూటలా తాగుతున్నాను. నాలుగో తీర్మానం కూడా పోయింది.

మార్చి 14, ఆదివారం. కుప్పం.

నేను ఇంట్లో పడుకోవడం చూసి నాయన నన్ను కుప్పం పంపించాడు, "కాన్వెంటు ఒకసారి సూసిరా" అని. చూశాను. ఆదివారమైనా పెద్దమ్మ నాకోసం ఇద్దరు పిల్లల్ని పిలిపించింది. ఒకడు నా పైటకొంగుతో ముక్కు తుడుచుకున్నాడు.

నేను వచ్చింది ఇంకో పనిమీద. జయచంద్రను పట్టుగూళ్ల అంగట్లో పట్టుకున్నాను. మోచేతుల దాకా గూళ్ల గంపలో ఉన్నాడు. ఫోటోలోకంటే లావు. నేను ఫలానా షాపు నుంచి అనగానే మొహం విప్పారింది.

"నా పటం బాగుండాదా? దుమ్ము తుడస్తాండారా?"

"ఊదుబత్తి కూడా వెలిగిస్తున్నారు. మీరు పోయారని జనం దండం పెడుతున్నారు."

"అయ్యో! మా అమ్మకు తెలిస్తే ఏడస్తాది," అని తానే నవ్వాడు.

అడిగాను. మీ చదువు మీకు ఉద్యోగం తెచ్చిపెట్టిందా?

"నాకు కాదమ్మా, పటానికి." గూళ్లు ఏరుతూనే చెప్పాడు. "నేనూ ఒక వారం నిలబడినా ఆడ. వచ్చినోళ్లను అడిగేది. ఇంతకు ముందు ఏదైనా మందు పడలేదా? వేరే ఏమైనా మింగుతాండారా? కడుపుతో ఉండారా? మాకు మొదటి పాఠం అదే కదా. ఒకాయన, 'డాక్టరే అడగలే, నువ్వెవరప్పా అడిగేకి?' అని ఎదురు షాపుకు పొయినాడు. ఇంకొకాయన పొయినాడు. వారం తిరిగేలోపల గిరాకీ అంతా ఆ పక్కకే. గఫార్ సాయిబు మంచోడు, ఏమీ తిట్టలే. 'నువ్వు యాలప్పా కష్టపడతావు, ఇంటికాడ ఉండు, పటం పని చేస్తాదిలే,' అన్నాడు. వచ్చేసినా."

"అడగడం మానేసి ఉండవచ్చు కదా?"

చేతులు ఆగాయి. "నేర్చుకున్నాక అడక్కుండా ఎట్లిస్తారమ్మా?"

మొదటి పాఠం! రెండో సంవత్సరంలోది కూడా కాదు!

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడలేదు.

మార్చి 20

షాపుకు పోయాను. మాత్రలు ముట్టుకోకుండా, వచ్చినవాళ్లను జయచంద్ర మాదిరి అడగడం మొదలుపెట్టాను. ఇంతకు ముందు ఏదైనా మందు పడలేదా? ఒకామె, "మా మామతో గూడా పడదు," అంది. ఇద్దరు ఎదురు షాపుకు పోయారు. గఫార్ మామ దగ్గాడు.

పది గంటలకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బస్సులో కాదు, పాల లారీలో! బస్టాండులో టీ కొట్టాయన ఇంకా చిత్తూరు బస్సు కోసమే చూస్తున్నాడట. తువ్వాలు భుజంమీదే ఉండిపోయింది.

బాబ్జాన్ అన్న ఎప్పుడు దూకాడో చూడలేదు. తిరిగి చూస్తే పలకకు అవతల, గిరాకీలో గిరాకీగా నిలబడి, "తలనొప్పి మాత్ర ఇయ్యి సాయిబూ," అంటున్నాడు. కణతలు కూడా నొక్కుకుంటున్నాడు.

"జయచంద్ర ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"భోజనానికి పొయినాడు సార్," అన్నాడు గఫార్ మామ.

"పది గంటలకా? ఎక్కడికి?"

"కుప్పం."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "మీరు?"

"బియస్సీ కెమిస్ట్రీ అండీ."

"ఫార్మసీ చదివారా?"

"లేదు."

"అయితే పలకకు ఇవతలకు రండమ్మా."

మర్యాదగానే అన్నాడు. పలక ఎత్తాను. బయటికి వచ్చి బాబ్జాన్ అన్న పక్కన నిలబడ్డాను. మూడు నెలల్లో మొదటిసారి షాపును ఈ వైపు నుంచి చూశాను. లోపల జయచంద్ర పటం ఒక్కటే ఉంది. ఊదుబత్తి వెలుగుతూనే ఉంది.

షాపుకు నోటీసు. పటంలోని మనిషిని తెచ్చి చూపించాలి, లేదా వేరే మనిషిని పెట్టుకోవాలి.

మార్చి 26, ఉగాది

పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైంది. అమ్మ ఆరోగ్యానికి మంచిదని కావాలనే వేసింది.

గఫార్ మామ వచ్చాడు. గిన్నెడు పచ్చడి తిని, నాయన పక్కన చాపమీద కూర్చుని విషయం తీశాడు.

"అప్పా వెంకటరమణా, పాపను తిరుపతి పంపించు. డి.ఫార్మ్. చేయించు. ఆ జయచంద్రను పిలిపించాలంటే రెండు బస్సులు మారాల. వచ్చేలోపల ఇన్‌స్పెక్టరు రాసేది రాసుకొని పోతాడు. మన ఊరి బిడ్డ పటమైతే కేకేస్తే పలుకుతాది."

నాయన ముందు నొసలు చిట్లించాడు. "డిగ్రీ అయినాక మళ్లీ కింది సదువా?" తర్వాత మెల్లగా మొహం తేటపడింది. "అంటే... సదువు అయినాక బిడ్డ ఇంటికాడనే ఉంటాది. పటం పోతాది పనికి. అంతేనా?"

"అంతే కదప్పా! ఎండలేదు, వానలేదు."

"పెండ్లయి వేరే ఊరికి పొయినా ఇబ్బంది లేదు," అంది అమ్మ, వంటింటి గడపలో నిలబడి. "ఈ పిల్ల యాడుంటే ఏం, పటం ఈడే ఉంటాది కదా. ఆడపిల్లకు ఇంతకంటే మర్యాదైన ఉద్యోగం యాడుంటాది!"

ఆదిలక్ష్మమ్మవ్వ కూడా వచ్చింది. మొహం మామూలుగా అయింది. ఒక్క కన్ను కింద మాత్రం మచ్చ మిగిలింది. "ఫోటో మాత్రం బాగా తీయించండప్పా. జనం దండం పెట్టుకునేది," అంది.

అందరూ సంతోషంగా ఉన్నారు. మూడు నెలల నుంచి నేను అడుగుతున్నది వీళ్లకు ఇప్పుడు అర్థమైంది. అర్థమైంది మళ్లీ వేరేది. కుప్పం కాన్వెంటు మాట ఎవరూ ఎత్తలేదు.

నన్ను కూడా ఎవరూ అడగలేదు. పచ్చడి గిన్నె నాకి, "సరే పోతాను" అన్నాను.

గఫార్ మామ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "పటానికి నేనే మంచి టేకు చట్రం కట్టిస్తా పాపా," అన్నాడు.

మార్చి 27

పాత తీర్మానాలు కొట్టేశాను. కొత్తవి:

ఒకటి. కౌంటరు వెనక ఉద్యోగం. గడువు ఉగాది. ఏ ఉగాదో రాయడం లేదు.
రెండు. బెంచీమీద కూర్చుంటాను. రెండేళ్లు.
మూడు. కాగితాలు రోజుకు పది. (ఈ రోజు ఉగాది మరునాడు కాబట్టి రేపటి నుంచి.)
నాలుగు. కషాయం తాగను. (పొద్దున తాగేశాను.)

తిరుపతికి పంపవలసిన దరఖాస్తు నింపాను. నాయన సంతకం పెట్టాడు. పటం కోసం పెట్టాడు. నాకు సంతకం చాలు.

చదువు పూర్తి చేసి వస్తాను. గఫార్ మామ షాపయితే ఆయన షాపు, కాకపోతే ఎదురు షాపు. వచ్చిన ప్రతి మనిషినీ అడిగే ఇస్తాను. పోయేవాళ్లు పోతారు. ఎవరు తువ్వాలు విదిలించినా షట్టరు దించను.

నేను నిలబడని గోడకు నా పటం ఎక్కదు.